కత్తిపై ముద్ర: సోలింగెను వేటకత్తులు, బోవీ కత్తుల సేకరణ

తపాలా బిళ్ళలు, నాణెములు, పాత పుస్తకములు సేకరించువారు మన మధ్య చాలమంది కలరు. కత్తులను సేకరించువారు అరుదు. కత్తి యనగానే మనకు వంటిల్లో, మాంసపు దుకాణమో, కానిచో కలహమో స్ఫురించును గాని చరిత్ర స్ఫురింపదు. అయినను పాత కత్తి, చదువనేర్చినవారికి, ఒక చిన్న శాసనము వంటిది. అది ఏ ఊరిలో పుట్టినది, ఏ దేశమునకు ఎగుమతి అయినది, ఏ చట్టమునకు లోబడి సరిహద్దు దాటినది, ఏ అడవిలోని మృగము దానికి పిడినిచ్చినది అను సంగతులు చాలవరకు దానిమీదనే ఉండును.

ఈ వ్యాసమున మేము జర్మనీలోని సోలింగెను నగరమున తయారైన పాత మడత వేటకత్తులను గూర్చియు, అమెరికాలో పేరుపొంది తరువాత సోలింగెనులో కూడ తయారైన బోవీ కత్తులను గూర్చియు తెలిపి, వాటిని సేకరించువారు అనుసరింపదగిన పరీక్షా పద్ధతిని వివరింప దలచినాము. ఆయుధమును పొగడుట మా ఉద్దేశము కాదు. ఉక్కుపై కొట్టిన ముద్ర ఒక వాగ్దానము. ఆ వాగ్దానమును ఎట్లు చదువవలెను, ఎంతవరకు నమ్మవలెను అనునదే మా ప్రశ్న.

సోలింగెను నగరము

జర్మనీ పశ్చిమ భాగమున, వుప్పరు అను నది వంపులు తిరుగుచు ప్రవహించు కొండనేలలో సోలింగెను ఉన్నది. ఈ ఊరికి 1374లో పట్టణ హోదా లభించినది. చుట్టును ఉన్న అడవులు కొలుములకు బొగ్గునిచ్చినవి. వాగులు సానరాళ్ళను త్రిప్పుటకు నీటిబలము నిచ్చినవి. సమీపమున నున్న కొలోను నగరము సరకును అమ్ముకొనుటకు విపణి అయినది. ఈ మూడు అనుకూలములవలన మధ్యయుగములలోనే సోలింగెను ఖడ్గములు ఐరోపాయంతట వ్యాపించినవి. ఖడ్గములకు గిరాకి తగ్గిన కాలమున ఆ పనితనమే వంటకత్తులకు, కత్తెరలకు, మంగలికత్తులకు, జేబుకత్తులకు మరలినది.

అక్కడి పనివారు మన ప్రాచీన భారతదేశపు శ్రేణులవంటి వృత్తి సంఘములలో చేరియుండిరి. ఉక్కునకు పదనిచ్చువారు, సానపట్టువారు ఒక సంఘము. ఖడ్గములు కొట్టువారు వేరొక సంఘము. కత్తులు చేయువారు 1571లో తమకు ప్రత్యేక హక్కుపత్రమును సంపాదించుకొనిరి. ఒకరి పనిని మరియొకరు చేయరాదు. వృత్తి రహస్యము ఊరు దాటిపోకుండ పనివారు ప్రమాణము చేయవలసియుండెను. నెపోలియను ప్రాబల్యకాలమున, 1809లో, ఈ సంఘములు రద్దయినవి. కాని పని విభజన మాత్రము పోలేదు. ఒకరు కొలిమిలో అలుగును, అనగా కత్తిరేకును, కొట్టుదురు, ఒకరు పదనిత్తురు, ఒకరు సానపట్టుదురు, ఒకరు పిడి అమర్చుదురు. ఒకరి ఇంటినుండి మరియొకరి పనిశాలకు ఈ అలుగులను గంపలలో పెట్టి, నెత్తిన మోసికొనిపోయినవారు స్త్రీలు. కత్తిమీద వ్యాపారి ముద్ర ఉండును గాని ఈ మోతమోసిన స్త్రీల గుర్తు ఎచ్చటను కనబడదు.

వుప్పరు నదీతీరమున సానపట్టు శాలలు వరుసగా ఉండెడివి. వాటిలో విప్పర్‌కాటెను, బాల్క్‌హౌజరు కాటెను అనునవి నేటికిని నిలిచియున్నవి. 1886లో స్థాపింపబడి కత్తెరల ముడిరూపములను తయారు చేసిన హెన్‌డ్రిక్స్ కొలిమిశాల 1986లో మూతబడి, పిదప పారిశ్రామిక మ్యూజియముగా మారినది. గ్రేఫ్రాతు భాగమున ఒక పాత క్రైస్తవ మఠ భవనములో జర్మను కత్తుల మ్యూజియము కలదు. 2012 నుండి ఈ నగరము అధికారికముగానే 'కత్తిరేకుల నగరము సోలింగెను' అని వ్యవహరింపబడుచున్నది.

ఈ కీర్తికి చెల్లించిన మూల్యమును కూడ చెప్పవలెను. సానరాతి ధూళి ఊపిరితిత్తులలో చేరి పనివారిని పిన్నవయసుననే బలిగొనెడిది. వుప్పరు లోయలోని బార్మెనులోనే జన్మించిన ఫ్రెడరిక్ ఎంగెల్సు, ఇంగ్లాండు కార్మికుల స్థితిని గూర్చి 1845లో ప్రచురించిన గ్రంథమున, షెఫీల్డు నగరములో పొడిసాన పట్టువారి సగటు ఆయువు 35 సంవత్సరములకు మించుట అరుదనియు, తడిసాన పట్టువారిది 45కు మించుట అరుదనియు, అక్కడి వైద్యుని మాట ఆధారముగా తెలిపెను. షెఫీల్డు, సోలింగెను ఈ వృత్తిలో ప్రత్యర్థులు. కాని సానధూళికి రెండు ఊళ్ళును ఒక్కటే. అద్దమువలె మెరయు పాత అలుగును చేతబట్టినపుడు సేకరించువాడు ఈ సంగతిని మరువరాదు.

ముద్రల కథ

ముద్ర కొట్టు ఆచారము ఎంత పాతదో, ముద్రను దొంగిలించు అలవాటును అంత పాతదే. బవేరియాలోని పాసౌ నగరపు ఖడ్గములపై పరుగెత్తు తోడేలు బొమ్మ ఉండెడిది. దానికి గల ప్రతిష్ఠను చూచి సోలింగెను కమ్మరులు తమ ఖడ్గములపై గూడ ఆ తోడేలునే చెక్కిరి. ఐరోపా అలుగులు ఓడలలో మన దక్కనుకును వచ్చినవి. వాటికి ఇక్కడి పిడులు అమర్చి 'ఫిరంగి' అని పిలిచిరి. వాటి విలువను గమనించి ఇక్కడి పనివారును కొందరు తాము చేసిన అలుగులపై ఐరోపా ముద్రలను అనుకరించిరి. కావున అనుకరణ ఏ ఒక్క జాతి దోషమును కాదు. పేరునకు ధర ఉన్నచోట నెల్ల దానిని ఎరువు తెచ్చుకొనువారు పుట్టుదురు.

ఈ బెడదకు విరుగుడుగా సోలింగెను సంఘములు ముద్రలను పట్టికలో నమోదు చేయసాగినవి. పీటరు హెంకెల్సు 1731 జూన్ 13న కవలల బొమ్మను తన ముద్రగా నమోదు చేయించెను. నేటికిని అది ప్రపంచమున పురాతన వ్యాపార ముద్రలలో ఒకటి. 1769 నుండి తన చరిత్రను లెక్కించుకొను ప్యూమా సంస్థకు ఆ పేరుగల అడవిపిల్లి ముద్ర. 1869లో సోలింగెనున ఏర్పడిన బోకరు సంస్థకు చెట్టు గుర్తు. రాబర్ట్ క్లాస్ సంస్థకు ముక్కులు కలిపిన రెండు కొంగలు. కార్ల్ ష్లీపరు సంస్థకు కన్ను. అక్షరము రాని కొనుగోలుదారుడు సయితము గుర్తుపట్టునట్లు బొమ్మలను ఎంచుకొనుట వారి వ్యాపార వివేకము.

19వ శతాబ్దిలో షెఫీల్డు వర్తకులు, తమ ఊరి పేరును జర్మను కత్తులపై కొట్టి అమ్ముచున్నారని ఫిర్యాదు చేసిరి. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రదర్శనకు వెళ్ళిన జర్మను పండితుడు ఫ్రాంజ్ రూలో, తన దేశపు సరకు చౌకయు నాసియు అని బహిరంగముగా విమర్శించెను. 1887లో బ్రిటను చేసిన సరకుల ముద్రల చట్టమువలన దిగుమతి వస్తువులపై పుట్టిన దేశము పేరు వేయవలసివచ్చినది. అవమానింపదలచి తగిలించిన 'మేడిన్ జర్మనీ' అను చీటీ కొన్ని దశాబ్దములలో గౌరవచిహ్నముగా మారుట వాణిజ్య చరిత్రలోని వింతలలో ఒకటి. 1890 నాటి మకిన్లీ సుంకముల చట్టమును అనుసరించి, 1891 నుండి అమెరికాకు పోవు సరకుపై గూడ దేశము పేరు తప్పనిసరి అయినది.

తరువాత కాలచక్రము తిరిగినది. షెఫీల్డు పేరు వాడుకొన్నారని నింద మోసిన సోలింగెను, తన పేరును ఇతరులు వాడుకొనుట చూడవలసివచ్చినది. 1938లో చేసిన చట్టమువలన సోలింగెను అను పేరునకు రక్షణ ఏర్పడినది. 1994లో ఆ రక్షణ కొత్త చట్టము, ఉత్తరువుల రూపమున కొనసాగినది. ముఖ్యమైన తయారీ దశలన్నియు సోలింగెను పారిశ్రామిక ప్రాంతముననే జరిగిన వస్తువునకు మాత్రమే ఆ పేరు చెల్లును. ఒక ఊరి పేరే చట్టరక్షణ పొందిన ముద్ర కాగలిగినది!

మడత వేటకత్తి నిర్మాణము

ఐరోపా వేటగాడు తుపాకి తోబాటు ఒక కత్తిని జేబునందుంచుకొనును. పాత జర్మను మడత వేటకత్తిలో ప్రతి భాగమునకు ఒక పని కలదు. పెద్ద అలుగు సాధారణ పనులకు. మొద్దుమొన గల వంపు అలుగు వేటాడిన జంతువు పొట్టను చీల్చుటకు. మొన మొద్దుగా నుండుటవలన లోపలి ప్రేగు తెగి మాంసము చెడదు. చిన్న రంపము ఎముకను, కొమ్మను కోయుటకు. సీసామూతి బిరడాను లాగు మరచుట్టు విశ్రాంతి వేళకు. పిడిలోనో అలుగులోనో కనబడు గుండ్రని గాడి ఏమిటో కొత్తవారికి తెలియదు. పూర్వము తుపాకి తూటాలకు కాగితపు గొట్టములు వాడెడివారు. అవి వానకు తడిసి ఉబ్బి గొట్టములో ఇరుక్కొనెడివి. వాటిని పట్టి లాగుటకే ఆ గాడి.

పెద్ద అలుగు పనిలో ఉండగా మూసికొనిపోయి వ్రేళ్ళను కోయకుండ తాళము ఉండును. కొన్నిటిలో అది పిడి వెన్నున నొక్కు మీట. కొన్నిటిలో ప్రక్కన ఎత్తు మీట. లోపల ఇత్తడి రేకులు, వెన్నున ఉక్కు స్ప్రింగు, పిడి చివరలకు తెల్లని లోహపు తొడుగులు ఉండును. ఈ తెల్లని లోహము మన ఇండ్లలో తెలిసిన 'జర్మను సిల్వరే'. రాగి, నికెలు, తుత్తునాగముల మిశ్రమమగు దీనిలో వెండి రవంతయు లేదు. పాత కత్తిని 'వెండి తొడుగుల కత్తి' అని అమ్మజూపువారి మాటను ఈ ఒక్క విషయముతోనే తూచవచ్చును.

పిడి: మన అడవి నుండి

ఈ కత్తుల పిడులకు ఎక్కువగా వాడినది దుప్పి కొమ్ము. ఐరోపాలోని ఎర్రదుప్పి కొమ్ములో లోపలి మెత్తని గుజ్జు భాగము ఎక్కువ. భారతదేశపు కణుజు, అనగా సాంబరు దుప్పి, కొమ్ము గట్టిది, పైపొర మందము, గరుకైన గీతలు అందము. కావున సోలింగెను, షెఫీల్డు పనిశాలలు రెండును భారతదేశపు కణుజు కొమ్ములను విస్తారముగా దిగుమతి చేసికొనెను. నల్లమల అడవులనుండి హిమాలయ పాదముల వరకు సంచరించు ఈ మృగము కొమ్ములను రాల్చి మరల పెంచుకొనును. అడవిలో రాలిన కొమ్ములను ఏరి అమ్ముట ఒకప్పుడు అనేకులకు జీవనాధారము. జర్మను వేటగాని జేబులోని కత్తికి పిడి మన అడవి ఇచ్చినదను విషయము సేకరించువారిలో గూడ అందరును తలచుకొనునది కాదు.

రాలిన కొమ్ముల పేరుతో చంపిన మృగముల కొమ్ములును సంతకు వచ్చు ప్రమాదము కలదు. ఏరిన కొమ్మునకును, వేటాడి తీసిన కొమ్మునకును పిడిగా మారిన పిదప భేదము తెలియదు. భారతదేశము 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టమును చేసినది. 1990ల చివరినాటికి దుప్పి కొమ్ముల ఎగుమతి నిలిచిపోయినది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము 2008లో కణుజును ఆపదకు లోనుకాగల జంతువుల జాబితాలో చేర్చినది. ఎగుమతి ఆగుటతో పాత కొమ్ముపిడి కత్తుల ధర పెరిగినది. వెంటనే నకిలీ కొమ్ములును పెరిగినవి. ఇచ్చట పిడి సయితము ఒక ముద్రయే. ఆ ముద్ర చెప్పు కథలో మన అడవికి పాత్ర ఉన్నది గనుక దానిని నిజాయితీగా చదువు బాధ్యతయు మనకు ఉన్నది.

బోవీ కత్తి: కథయు సాక్ష్యమును

బోవీ కత్తి పేరు జేమ్స్ బోవీ అను అమెరికను వలన వచ్చినది. 1827 సెప్టెంబరు 19న మిసిసిపీ నదిలో నాచెజ్ పట్టణమునకు ఎదుట నున్న ఇసుకదిబ్బపై ఒక ద్వంద్వయుద్ధము జరిగెను. ద్వంద్వయుద్ధము చేసినవారు క్షేమముగా ముగించుకొనిరి గాని, వారి వెంట వచ్చినవారు కలహమునకు దిగిరి. తుపాకి గుండ్లకు, కత్తిపోట్లకు గురియైన బోవీ తన పెద్దకత్తితో ఒకనిని చంపి బ్రతికి బయటపడెను. వార్తాపత్రికలు ఆ కత్తికి ప్రపంచఖ్యాతి నిచ్చినవి. 1836 మార్చి 6న టెక్సాసులోని అలామో కోట పడినపుడు బోవీ మరణించెను. మరణముతో కథ ఇంకను పెరిగినది.

ఆ మొదటి కత్తి ఎట్లుండెను? బోవీ సోదరుడు రెజిను 1838లో ఒక పత్రికకు వ్రాసిన లేఖలో అది తాను వేటకొరకు చేయించినదనియు, అలుగు పొడవు తొమ్మిదింపావు అంగుళములు, వెడల్పు ఒకటిన్నర అంగుళములు, ఒకవైపే పదును, వంపు లేదనియు తెలిపెను. నేడు బోవీ కత్తి యనగా మనము చూచునది, వెన్ను మొనవద్ద లోపలికి వంగి చెక్కినట్లుండి, పిడికి అడ్డుకట్టు గల పెద్దకత్తి. సోదరుని మాట నిజమైనచో మొదటి కత్తి ఈ రూపమున లేదు. ఆర్కన్సాలో జేమ్స్ బ్లాక్ అను కమ్మరి అసలు కత్తిని చేసెనను కథయు గలదు. ఇసుకదిబ్బనాటి కత్తి ఇదియే అని అందరును అంగీకరించిన వస్తువు ఏదియు నేడు లేదు.

ఇక వ్యాపారము మాట. అమెరికాలో గిరాకిని గమనించిన షెఫీల్డు సంస్థలు బోవీ కత్తులను ఓడలకొలది పంపినవి. జార్జి వోస్టెన్‌హోమ్ తన కర్మాగారమునకు వాషింగ్టను వర్క్స్ అని పేరు పెట్టుటను బట్టియే ఆయన చూపు ఏ దేశముమీద ఉండెనో తెలియుచున్నది. అలుగులపై 'ఆర్కన్సా పంటిపుల్ల' వంటి నినాదములను ఆమ్లముతో చెక్కిరి. అమెరికాలోనే కొన్ని రాష్ట్రములు ఈ కత్తులకు భయపడి 1837, 1838 సంవత్సరములలో పన్నులను, నిషేధములను విధించినవి.

రెండవ ప్రపంచ యుద్ధము తరువాత సోలింగెను సంస్థలు ఈ రంగమున ముందుకు వచ్చినవి. 1952లో 'ది అయను మిస్ట్రెస్' అను చలనచిత్రము, 1956 నుండి 1958 వరకు బోవీ పేరుతో ఒక దూరదర్శన్ ధారావాహిక, 1960లో 'ది అలామో' చిత్రము అమెరికను యువకులలో ఈ కత్తిపై మోజును పెంచినవి. సోలింగెనులో చేసిన కత్తులపై 'ఒరిజినల్ బోవీ నైఫ్' అను అక్షరములు తరచుగా కనబడును. ఇవి మంచి కత్తులు కావచ్చును. కాని ఆ అక్షరములకు అర్థము 'మొట్టమొదటి బోవీ కత్తి' అని కాదు. అది వ్యాపార నామము మాత్రమే. అలుగుమీది మాట అబద్ధము కానక్కరలేదు. మన అవగాహనయే తప్పు కావచ్చును. ఈ భేదమును గ్రహించినవాడు సేకరణ శాస్త్రములో సగము నేర్చినట్లే.

కాలనిర్ణయ పద్ధతి

ఇప్పుడు ఒక కత్తి మన చేతికి వచ్చినదనుకొందము. ధార మొదలగుటకు ముందు పిడిని ఆనుకొనియుండు చదునైన చోటును భూతద్దముతో చూడవలెను. ముద్రలు ఎక్కువగా అచ్చటనే ఉండును. ఆ పిదప ఈ క్రింది సూత్రములను అన్వయింపవలెను.

మొదటిది: దేశము పేరు. 'జర్మనీ' అను ముద్ర సామాన్యముగా 1891నకు తరువాతి ఎగుమతిని సూచించును. 'వెస్ట్ జర్మనీ' అని ఉన్నచో అది 1949కును 1990కిని నడిమి కాలపు భావమును తెలుపును. ఎందుకన ఆ పేరుగల రాజ్యము ఆ కాలముననే ప్రత్యేకముగా నుండెను. కాని ఆ సంవత్సరములలోను 'సోలింగెను, జర్మనీ' అని మాత్రమే కొట్టిన కత్తులు కలవు. కావున ఒక మాట ఉండుట సాక్ష్యము. లేకపోవుట సాక్ష్యము కాదు. ఇది కత్తులకే గాదు, చరిత్ర విద్యార్థులందరికిని పనికివచ్చు సూత్రము.

రెండవది: ఉక్కు రకము. తుప్పుపట్టని ఉక్కు 1912, 1913 సంవత్సరములలో జర్మనీలోని ఎస్సెనులోను, షెఫీల్డులోను రూపొందినది. జర్మను భాషలో తుప్పుపట్టనిది అను అర్థముగల 'రోస్ట్‌ఫ్రై' అను మాట అలుగుపై ఉండగా, ఆ కత్తి 19వ శతాబ్దిది అని చెప్పువాని మాట నిలువదు.

మూడవది: మేకులు, మరలు. పాత పిడులు మేకులతో బిగింపబడియుండును. నక్షత్రపు గాడి గల మరసీల 1930ల నుండియే వాడుకలోనికి వచ్చినది. అట్టి సీల ఉన్న కత్తి అంతకు ముందుదని చెప్పినచో, కత్తి కొత్తదైనను కావలెను, పిడి మార్చినదైనను కావలెను.

నాల్గవది: సంస్థల ప్రత్యేక సంకేతములు. ప్యూమా సంస్థ 1964 నుండి తన కత్తులపై తయారైన కాలమును తెలుపు సంఖ్యను కొట్టినది. దాని అలుగులపై చిన్న చుక్కవంటి గుంట కూడ కనబడును. కొత్తవారు దానిని దెబ్బ అనుకొందురు. అది ఉక్కు కాఠిన్యమును పరీక్షించిన రాక్‌వెల్ యంత్రపు గుర్తు. దానిని అరగదీయించి 'బాగుచేయించిన' వాడు కత్తి యోగ్యతాపత్రమును తానే చింపివేసినవాడగును.

ఐదవది: ఆకారము. మడత కత్తిని మూసినపుడు మొన పిడిలోపల పూర్తిగా అణగియుండవలెను. మొన పైకి తేలియున్నను, అలుగు పిడికంటె బాగుగా కురుచగా నున్నను, విరిగిన తరువాత మరల సానపట్టినారని అనుమానింపవలెను. తెరచినపుడు అలుగు అటునిటు ఊగరాదు. స్ప్రింగు బలముగా పలుకవలెను.

ఆరవది: పిడి పదార్థము. కొమ్ము సహజమైనచో రెండు వైపుల గీతలు ఒకేరీతిగా నుండవు. రెండు రేకులమీదను ఒకే గీత, ఒకే గుంట ఒకేచోట కనబడినచో అది అచ్చులో పోసిన నకిలీ. కాల్చిన సూదితో పొడిచి పరీక్షించు అలవాటు కొందరికి కలదు. అది చేయరాదు. వస్తువు చెడుటయే గాక, పిడి సెల్యులాయిడు అయినచో నిప్పంటుకొనును.

1944 నవంబరు 4, 5 తేదీలలో జరిగిన వైమానిక దాడులలో సోలింగెను పాతనగరము నాశనమైనది. ఇట్టి విధ్వంసమునకు లోనైన ఊరి చరిత్రకు పాత ధరల పట్టికలు, ప్రకటనలు, మిగిలిన కత్తులు విలువైన ఆధారములు. ఒక్కొక్క కత్తిని చెక్కుచెదరకుండ కాపాడుట ఆ విధముగా ఒక పత్రమును కాపాడుటయే.

సంరక్షణ

పాత కత్తికి ప్రథమ శత్రువు తుప్పు. ద్వితీయ శత్రువు అతిగా శుభ్రపరచు యజమాని. కర్బనపు ఉక్కుపై కాలక్రమమున ఏర్పడు బూడిదనీలి రంగు పొర రక్షణవంటిది, దానిని ఉంచవలెను. ఎర్రగా పొడిరాలు తుప్పును మాత్రము నూనెతో నానబెట్టి మెత్తని గుడ్డతో నెమ్మదిగా తీయవలెను. యంత్రముతో మెరుగుపెట్టినచో అంచులు గుండ్రబడి, లోతులేని ముద్రలు చెరిగిపోవును. పోయిన ముద్ర మరల రాదు.

తోలు ఒరలో కత్తిని ఏండ్ల తరబడి ఉంచరాదు. తోలు ఊనుటకు వాడిన పదార్థములును, తోలు పీల్చుకొన్న తేమయు ఉక్కును తినివేయును. ఇత్తడిపై పచ్చని చిలుము పట్టును. ఒరను, కత్తిని వేరువేరుగా నుంచవలెను. సెల్యులాయిడు పిడి కత్తులను మిగిలిన వాటితో కలిపి పెట్టెలో మూసి ఉంచరాదు. శిథిలమగు సెల్యులాయిడునుండి వచ్చు ఆవిరులు ప్రక్కనున్న ఉక్కును గూడ చెరచును. మచిలీపట్టణము, విశాఖపట్టణము వంటి సముద్రతీరపు ఊళ్ళలో తేమను పీల్చు సిలికా పొట్లములు పెట్టెలో తప్పక ఉంచి, వర్షకాలమున నెలకొకసారి చూడవలెను.

చట్టము, బాధ్యత

భారతదేశమున కత్తిని ఉంచుకొనుట కేవలము అభిరుచి విషయము కాదు. 1959 నాటి ఆయుధ చట్టము, దాని నియమములు ఉన్నవి. గృహ, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరములకు కాక, 9 అంగుళములకు మించిన పొడవుగాని, 2 అంగుళములకు మించిన వెడల్పుగాని గల అలుగులు ఆ నియమములలో ఆయుధముల వర్గమున చేరును. రెజిను బోవీ చెప్పిన కత్తియే ఈ కొలతను దాటుచున్నది! కొమ్ముపిడి కత్తుల విషయమున వన్యప్రాణి చట్టమును గూడ చూచుకొనవలెను. కొనుటకు ముందే అధికారులను అడిగి తెలిసికొనుట వివేకము.

చట్టమునకు మించిన బాధ్యతయు గలదు. 2024 ఆగస్టు 23న, సోలింగెను నగరము తన 650 సంవత్సరముల ఉత్సవము జరుపుకొనుచుండగా, ఒకడు జనముమీద కత్తితో దాడిచేసి ముగ్గురిని చంపెను. తరువాత జర్మనీ బహిరంగ ఉత్సవములకు కత్తులు తీసికొనిపోవుటను నిషేధించు కఠిన నియమములను చేసినది. కత్తులవలన పేరొందిన నగరమే కత్తికి కన్నీరు కార్చినది. కత్తికి గౌరవము పనిలోను, పనితనములోను ఉన్నది గాని ఝళిపించుటలో లేదు. సేకరించిన కత్తి పెట్టెలో ఉండవలెను. దానిని గూర్చిన జ్ఞానము మాత్రమే వీధిలోనికి రావలెను.

విద్యార్థులకు సూచన

సోలింగెను కత్తులు, బోవీ కత్తులు ఖరీదైనవి, దూరమైనవి. మన విద్యార్థులు వాటిని కొనవలెనని మేము చెప్పుట లేదు. ఆ పద్ధతిని నేర్చుకొనుడని చెప్పుచున్నాము. ఆ పద్ధతికి తగిన వస్తువులు మన ఇండ్లలోనే ఉన్నవి. అమ్మమ్మ తమలపాకుల పెట్టెలోని అడకత్తెర, ఉర్దూ మాటలాడు ఇండ్లలో సరౌతా అనబడునది, ఎన్ని ఆకారములలో లేదు! నెమలి, చిలుక, గుర్రము రూపములలో మన కమ్మరులును కంచరులును వాటిని తీర్చిరి. వంటింటి కత్తిపీట, పొలములోని కొడవలి, మంగలి పొదిలోని కత్తి, ఇవన్నియు చదువదగినవే. ఏ ఊరిలో, ఎవరిచేత, ఎప్పుడు తయారైనవో ఇంటి పెద్దలను అడిగి ఒక చీటీపై వ్రాసి దాని వెంట ఉంచుడు. ఆ చీటీ లేని వస్తువు రేపు మూగదగును.

ఇది పెద్దమాట కాదు. నేటి తెలంగాణలో నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రములో ఒకప్పుడు మేలైన ఉక్కు తయారయ్యెడిది. దానికొరకు పారసీక వర్తకుడు ఇస్పహాను నుండి వచ్చియుండుటను 19వ శతాబ్ది ఆదిలో అచ్చటికి వెళ్ళిన వాయ్సే అను ఆంగ్ల వైద్యుడు వ్రాసెను. ఐరోపా శాస్త్రవేత్తలు ఆ జాతి ఉక్కును 'వూట్జ్' అని పిలిచిరి. అది మన 'ఉక్కు' శబ్దమునుండి, లేక దాని కన్నడ రూపమునుండి వచ్చినదని పండితులు తలంతురు. ఉక్కు పేరు ప్రపంచమంతట తిరిగినది. దానిని కరగించినవారి పేర్లు మాత్రము మనకు నిలువలేదు. సోలింగెనులో 1731 నాటి ఒక కత్తిపనివాని ముద్రను నేడును తేదీతో సహా చెప్పగలుగుచున్నాము. అతని ఉక్కు కోనసముద్రపు ఉక్కుకంటె గొప్పదైనందున గాదు. ఎవరో ఒకరు దానిని పట్టికలో వ్రాసి, ఆ పట్టికను కాపాడిరి గనుక. మన చేతి వస్తువులకు అట్టి పట్టికను వ్రాయు పని ఇంకను మిగిలియున్నది. అది ఈ కళాశాల విద్యార్థులకు అందనంత దూరమున లేదు.